ఎండలో చూడని ఎరుపు

వాచీల ఫ్యాక్టరీలో రంగుల విభాగం అధిపతి తన కుర్చీలోనే చనిపోయాడు. చేతిలో ఎర్రటి సిరామిక్ ముక్క ఒకటి ఉంది. ఎదురుగా బల్ల మీద దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, సూదిమొన దిగినంత గాయం. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు విషప్రయోగమని రాశాడు. గాయంలో లోహపు జాడ లేదని కూడా రాశాడు. లోహంది కాకపోతే ఆ సూది మరి దేనిదో ఆయనకు అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున గూఢచారి శాఖ అధిపతి నెమ్మదిని పిలిపించాడు.

నెమ్మది అతని అసలు పేరు కాదు. పక్కన తుపాకీ పేలినా తల తొందరగా తిప్పడని శాఖలో వాళ్ళు పెట్టిన పేరు. శాఖ అధిపతిని మాత్రం అందరూ పెద్దాయన అనేవారు.

"కూర్చో. పోయినాయన నీకు ఏమవుతాడో నాకు తెలుసు" అన్నాడు పెద్దాయన.

"బావ సార్. మా అక్క భర్త."

"అందుకని ఈ పని నీకు ఇవ్వకూడదు. కానీ రంగుల సంగతి కాస్తయినా తెలిసినవాడు ఇక్కడ ఇంకెవడూ లేడు."

ఆ తర్వాత పెద్దాయన చాలాసేపు మాట్లాడాడు. ఫ్యాక్టరీ కొత్త విభాగం ప్రారంభానికి రక్షణ మంత్రి వస్తున్నాడు. ఎర్ర సిరామిక్ వాచీలు తొలిసారి బయటికి వచ్చేది ఆ రోజే. ఒకటి మంత్రి చేతికి కడతారు. మిగతావి ఆయన వెంట వచ్చే అధికారులకు ఇస్తారు. అక్కడినుంచి వాళ్ళంతా తిన్నగా ఒక రహస్య సమావేశానికి వెళ్తారు. పరాయి దేశాల్లో పనిచేస్తున్న మన ఏజెంట్లు ఎవరు, ఎక్కడ ఉన్నారు అన్నది అక్కడ మాటల్లోనే చెప్పుకుంటారు. ఫోన్లు బయటే ఆపేస్తారు. చేతి వాచీని ఎవరూ ఆపరు.

ఒక విదేశీ ముఠా ఆ వాచీల్లాంటిదే మరొకటి తయారు చేసింది. డయల్ కింద రేకంత పల్చని ట్రాన్స్‌మిటర్ పెట్టింది. స్టీలు వాచీ అయితే రేడియో తరంగాలు బయటికి రావు. సిరామిక్ వాటిని అడ్డుకోదు. పైగా మనిషి ఒంటి వేడి తగిలేదాకా ఆ ట్రాన్స్‌మిటర్ నోరు విప్పదు కాబట్టి మన డిటెక్టర్లకు దొరకదు.

"కార్యక్రమం ఆపేస్తే?" అన్నాడు నెమ్మది.

"ముఠా కలుగులోకి పోతుంది. ఆ వాచీ ఇంకోసారి, మనకు తెలియని రోజున వస్తుంది. ముఠాలో మనకో మనిషి ఉంది. కోడ్ నేమ్ చిలక. ఆ ఫ్యాక్టరీలోనే చీఫ్ డిజైనర్. నకిలీది ఏదో ఆమె చూపిస్తుంది, నువ్వు తీసేస్తావు." పెద్దాయన టీ కప్పు పక్కకి జరిపాడు. "ఇంకొకటి వినాలి. ఆ ఎరుపు ఎలా చెయ్యాలో తెలిసిన మనిషి ఒక్కడే. అది ముఠా చేతికి ఎలా వెళ్ళిందో చిలకే చెప్పింది. మీ బావ అమ్మాడట. పని అయ్యాక వాళ్ళే నోరు మూయించారట."

నెమ్మది టీ మీద మీగడ కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సిరామిక్‌లో నలుపు, తెలుపు ఎప్పటినుంచో ఉన్నాయి. నీలం వచ్చింది, ఆకుపచ్చ వచ్చింది. ఎరుపే ఎవరికీ లొంగలేదు. తెల్లటి జిర్కోనియా పొడిలో రంగు కలిపి, అచ్చులో నొక్కి, ఫర్నేస్‌లో పెడితే, ఆ వేడికి వాచీ ఒళ్ళు కుదించుకుని రాయిలా గట్టిపడుతుంది. ఎరుపు మాత్రం ఆ వేడిలో కాలిపోయి ఇటుక రంగులోకి దిగిపోతుంది. బావ ఏళ్ళ తరబడి దానితోనే కుస్తీ పట్టాడు. చివరికి సాధించాడు. సాధించిన ఆ రంగును ఎవరి చేతి మీదా చూడకముందే పోయాడు.

అక్క ఇంట్లో బావ ల్యాబ్ కోటు ఉతికి మడత పెడుతోంది. చేతుల దగ్గర ఎర్ర మరకలు వదల్లేదు.

"ఫ్యాక్టరీలో ఆయన గది తలుపు మీద పేరు పలక తీసేశారటరా" అంది అక్క. "అమ్ముకున్నాడంటున్నారు. నీది అలాంటివి తెలిసే ఆఫీసే కదా. నిజమేనా?"

"ఇంకా తెలియదక్కా."

"కాదని అనలేదు నువ్వు."

"తెలియకుండా అనలేను."

అక్క కోపగించుకోలేదు. కోటు మడత విప్పి మళ్ళీ మొదటినుంచి మడత పెట్టింది. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు, ఆయనతో బట్టల షాపుకి వెళ్తే పరువు పోయేదని చెప్పింది. నచ్చిన గుడ్డ పట్టుకుని తిన్నగా వీధిలోకి నడిచేవాడట. దొంగ అనుకుని షాపువాడు వెనకాలే పరిగెత్తేవాడట. దీపం కింద ఒకటిగా కనిపించే రెండు రంగులు ఎండలో వేరైపోతాయనీ, రంగును ఎండలో అడగాలనీ, దీపాన్ని అడిగితే దీపం చెప్పమన్నదే చెబుతుందనీ ఆయన వాదన. ఇంట్లో కూడా ప్రతి ముక్కా ముందు ట్యూబ్‌లైటు కింద, తర్వాత బల్బు కింద, చివరికి బాల్కనీలో. అన్నం చల్లారిపోయేది.

చెబుతూ చెబుతూ అక్క నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ప్రారంభం రోజున నెమ్మది లైట్లు బిగించే మనిషి వేషంలో ఫ్యాక్టరీ హాల్లోకి వెళ్ళాడు. భుజాన వైర్ల చుట్ట, చెవిలో గింజంత ఇయర్‌పీస్. వేదిక దగ్గర ఒకామె పూలు సర్దిస్తోంది. పొడవాటి మనిషి. ఆమె పక్కకు తిరిగితే హాల్లో సగం తలలు ఆ పక్కకే తిరిగాయి. జుట్టు ముడిలో నల్లటి పిన్ను ఒకటి గుచ్చుకుంది. అదీ సిరామిక్కే, ఆమె డిజైనే.

"ఇక్కడ వెలుతురు చాలదేమో మేడమ్" అన్నాడు నెమ్మది. అది కోడ్.

"చాలకపోతేనే అందం" అంది ఆమె. అది జవాబు.

పనిమీద ఉన్నట్టే ఆమె అతని పక్కకు వచ్చి నిలబడింది. వాచీల పళ్ళెంలో కుడివైపు చివరిదే నకిలీది అని పెదవులు కదపకుండా చెప్పింది. తర్వాత గొంతు పెంచి, కిటికీల తెరలు ఒక్కటి కూడా తీయొద్దని పనివాళ్ళను హెచ్చరించింది. ఎండ పడితే వాచీలు కెమెరాలో తెల్లగా మెరిసిపోతాయట.

వెళ్ళబోతూ ఆగి, "మీ బావగారు మంచి మనిషి. ఎందుకలా చేశారో" అంది.

నెమ్మది తల ఊపాడు. తను ఎవరి బావమరిదో ఆమెకు ఎవరు చెప్పారా అని ఆలోచించాడు. పెద్దాయన చెప్పడు.

కుడివైపు చివరి వాచీ తీసి, దాని చోట వెంట తెచ్చిన అసలుది ఒకటి పెట్టాడు. తీసినదాన్ని పక్క గదిలో తమ శాఖ వాచీ మెకానిక్‌కి ఇచ్చి, వేదిక వెనక కిటికీ దగ్గర వైర్లు చుడుతూ నిలబడ్డాడు.

మంత్రి వచ్చాడు. ఉపన్యాసాలు అయ్యాయి. డిజైనర్ పళ్ళెం అందుకుంది. అప్పుడు ఇయర్‌పీస్‌లో మెకానిక్ గొంతు వినిపించింది.

"అన్నా, ఇది అసలుదే. లోపల ఏమీ లేదు."

అంటే చిలక అబద్ధం చెప్పింది. నకిలీది ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది. నెమ్మది చూస్తుండగానే ఆమె పళ్ళెం మీదికి వంగి, ఒక వాచీ ఎత్తినట్టు ఎత్తి, మంత్రి వైపు తిరిగింది. ఆమె చేతిలోది పళ్ళెంలోంచి వచ్చిందో, చొక్కా చేతిలోంచి జారిందో ఎవరూ చెప్పలేరు. పెద్ద దీపాల పచ్చటి వెలుగులో అన్ని వాచీలూ ఒకే ఎరుపు.

అరిచి ఆపవచ్చు. అరిస్తే ఆమె దాన్ని పళ్ళెంలో కలిపేస్తుంది, లేదా కాలికింద వేసి తొక్కేస్తుంది. లైట్లు బిగించేవాడి మాటకు మంత్రి ముందు విలువ ఉండదు.

తెర తాడు అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది.

రంగును ఎండలో అడగాలి. కానీ ఎండ రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెబుతుంది. ఆమె చేతిలోది ఎండలోనూ ఎర్రగానే ఉంటే, అది బావ కలిపిన రంగే. అప్పుడు నకిలీదీ బయటపడదు, బావా దక్కడు. ఆ మాట అక్కకు చెప్పాల్సింది తనే.

వాచీ మంత్రి మణికట్టు మీదికి వచ్చింది. పట్టీ బకిల్‌లోకి దూరుతోంది.

జీవితంలో మొదటిసారి నెమ్మది తొందరపడ్డాడు. తాడు పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగాడు.

తెర పక్కకు పోయింది. పగటి వెలుతురు వేదికంతా పరుచుకుంది. పళ్ళెంలోని వాచీలు అప్పుడే తెగిన వేలిమీది చుక్కల్లా ఎర్రగా ఉన్నాయి. మంత్రి చేతి మీది వాచీ పాత ఇటుకముక్కలా ఉంది.

"ఇదేమిటి, నాది వెలిసిపోయినట్టుంది?" అన్నాడు మంత్రి.

డిజైనర్ చెయ్యి జుట్టు ముడి దగ్గరికి వెళ్ళింది. అప్పుడు అర్థమైంది నెమ్మదికి, మెటల్ డిటెక్టర్‌కు దొరకని సూది, గాయంలో లోహపు జాడ వదలని సూది, ఎక్కడుందో. రెండు అంగల్లో వేదిక ఎక్కి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నల్ల పిన్ను నేలమీద పడి రెండు ముక్కలైంది. మంత్రి చేతినుంచి ఆయన అంగరక్షకుడు వాచీ లాగేశాడు. బకిల్ ఇంకా పడలేదు.

ఆమె పెనుగులాడలేదు. మంత్రి చేతినుంచి తీసిన వాచీనే చూస్తోంది.

"మా కింద గదిలో రంగు సరిగ్గా కలిసింది" అంది.

"కిటికీ ఉందా ఆ గదికి?"

దొంగతనంగా చేసే పని ఎవరూ కిటికీ ఉన్న గదిలో చెయ్యరు.

ఆ సాయంత్రం విచారణలో ఆమె అంతా ఒప్పుకుంది. ఎరుపు ఎలా చెయ్యాలో ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదు. ముఠా వాళ్ళే ఏదో కలిపి నకిలీ చేశారు. దాన్ని ఒక్క చూపులో పట్టేసే మనిషి ఆయనొక్కడే కాబట్టి ఆయన ఉండకూడదనుకున్నారు. అమ్ముకున్నాడన్న మాట తర్వాత ఆమె పుట్టించింది.

పెద్దాయన అంతా విని, పేరు పలక తిరిగి పెట్టమని ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. నెమ్మదికి క్షమాపణ చెప్పలేదు. టీ మాత్రం తనే పోసి ఇచ్చాడు.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ వాళ్ళు అక్కకు ఒక ఎర్ర వాచీ పంపారు. తమ్ముడు చూస్తుండగా అక్క దాన్ని పెట్టెలోంచి తీసి, గదిలో కనీసం కన్నెత్తి చూడకుండా, తిన్నగా బాల్కనీలోకి నడిచింది. ఎండలో అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసింది.

"ఆయనదే" అంది. కళ్ళు తుడుచుకుని, వాచీ చెవి దగ్గర పెట్టుకుని విని, తమ్ముడి చేతికిచ్చింది.

రంగు విషయంలో అంత జాగ్రత్త పడ్డవాళ్ళు, దానికి కీ ఇవ్వడం మరిచిపోయారు.