నాలుగో పాదం

ఒమాన్‌లోని ఖబూరాలో అదొక చేపల కోల్డ్ స్టోరేజీ. 2008 జూన్, శుక్రవారం. పదకొండున్నరకు అందరూ నమాజుకీ భోజనానికీ వెళ్లిపోతారు. మళ్లీ తలుపు తీసేది రెండింటికే.

అక్కడొక పద్ధతి ఉంది. ఫ్రీజర్ గదిలోకి వెళ్లేవాడు బూట్లు తొడుక్కుని, తన చెప్పులు గుమ్మం బయట వదలాలి. చెప్పులు కనిపిస్తే తలుపు మూయరు. అయితే పోయిన శుక్రవారం, అక్కడ పనిచేసే పెంచలయ్య కొత్త చెప్పులు ఎవరో కొట్టేశారు. అందుకని ఈసారి మనవాడు చెప్పులు సంచిలో వేసి, సంచి చంకలో పెట్టుకుని మరీ లోపలికి వెళ్లాడు. అతితెలివి కొంప ముంచుతుందని వేరే చెప్పాలా?

ఆఖరి పెట్టె సర్దుతుండగా తలుపు మూతపడింది. లైటు ఆరింది. లోపలి పిడి పాడై నెలయింది. ఫోను బయట చొక్కా జేబులో ఉంది. తలుపు బాదాడు, గొంతు పోయేలా అరిచాడు. చీకటి, నీచు వాసన, ఫ్యాన్ల రొద. ఊళ్లో ఇద్దరు పిల్లలు గుర్తొచ్చి ఏడ్చాడు.

గంటకు కాళ్లు మొద్దుబారాయి. ఫ్యాన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో పద్యం ఎత్తుకున్నారు...

చెట్టు లేని నేల చిట్టినాచుల కిల్లు
మంచు కింద విత్తు మాటలాడు
ఆరు నెలల రాత్రి యాశతో జింకలు...

అది వీరబ్రహ్మం గొంతు. కడప మనిషి, ఇక్కడే పనిచేసేవాడు. బడి పుస్తకంలో చదివిన టండ్రా అంటే పిచ్చి. "అది సచ్చిన నేల కాదబ్బా, మంచు కింద అన్నీ బతికే ఉంటాయి" అనేవాడు. నాలుగో పాదం కుదరకముందే, పోయిన వేసవిలో, ఈ గదిలోనే చనిపోయాడు.

"నాలుగోది నువ్వు చెప్పు పెంచలా..." చెవి పక్కనే గుసగుస. "పద్యం అయిపోతే పడుకుందాం."

నిద్ర ముంచుకొస్తోంది. పాదం దానంతటదే నాలుక మీదికి వచ్చింది. చక్కగా కుదిరింది కూడా. చెప్పకూడదు... చెబితే అయిపోతుంది... నాలుక కరుచుకున్నాడు. నోట్లో రక్తం.

"వద్దన్నా... నాకు పిల్లలుండారు."

"నాకు లేరా?"

తలుపు తెరుచుకుంది.

యజమాని కొడుకు ఫహద్. ఒమానీ కుర్రాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. పెంచలయ్యను ఈడ్చుకెళ్లి ఎండలో పడుకోబెట్టాడు. నేల పెనంలా కాలుతోంది. బతికానురా దేవుడా అనుకున్నాడు పెంచలయ్య.

ఫహద్ వంగి అతని ముఖంలోకి చూశాడు. అంత ఎండలోనూ ఫహద్ నోట్లోంచి తెల్లగా ఆవిరి వస్తోంది.

"పద్యం సగంలో లేసొస్తివే పెంచలా..." అన్నాడు మెల్లగా. "దా, లోపలికి పోదాం."