కొక్కేనికి తిరిగొచ్చిన నాలుగో జత

ఆదివారం ఉదయం 9.40కి ఎవరెట్ టీగ్ శవం దొరికింది.

ఇంటికి ఎనిమిది వందల గజాల దూరంలో. దుంగలు మోయడానికి వేసి, చలికాలమంతా ఎవరూ మంచు తీయని పాత కలప రోడ్డు మీద. నడుము లోతు మంచు. మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి స్నోషూలు కాళ్లకు లేవు. బూట్లకు ఇనపముళ్లు మాత్రం ఉన్నాయి. అంత మెత్తటి మంచులో ముళ్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"ప్రాణం పోయింది నిన్న రాత్రి ఎనిమిది తర్వాతే" అన్నాడు డాక్టర్.

అది విని అటవీ రేంజర్ నోలా బ్రాడిష్ వేళ్ల మీద గంటలు లెక్కపెట్టింది. శనివారం సాయంత్రం 5.30కి ఎవరెట్ భార్య మార్నా ఆమెకు ఫోన్ చేసింది, మనిషి ఇంకా రాలేదని. నోలా కొండ మొదట్లో, ఎక్కేవాళ్లు పేర్లు రాసే రిజిస్టర్ పెట్టె తెరిచి చూసింది. ఎవరెట్ పేరు ఎదురుగా 'దిగాడు, 4.20' అని ఉంది. దిగేశాడట, వచ్చేస్తాడులే అని మార్నాకు చెప్పి ఇంటికి పోయింది.

అప్పుడే వెతికి ఉంటే బతికేవాడు.

దిగని మనిషిని దిగాడని రాసిందెవరు?

ఎవరెట్‌తో కొండెక్కింది ఒక్కడే, మార్నా తమ్ముడు లైల్. శనివారం పొద్దున బావతో గొడవపడ్డాడు. బావ స్నోషూలతో తానొక్కడే తిరిగొచ్చాడు. ఊరికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

సోమవారం ఉదయం 11 గంటలకు నోలా ముగ్గుర్నీ కొండ కింద గుడిసెలో కూర్చోబెట్టింది. మార్నా, లైల్, గుడిసె చూసుకునే హార్లన్. హార్లన్‌కు డెబ్బై నాలుగేళ్లు. స్నోషూలు లేనివాళ్లకు ఆరు జతలు అరువిస్తాడు. రిజిస్టర్‌లో పేరు పక్కన జత నంబరు రాసి పట్టుకెళ్లాలి, దిగాక గుడిసె బయటి కొక్కేనికి తగిలించి, పేరు ఎదురుగా దిగిన టైము రాయాలి. ఎవరెట్ తీసుకున్నది నాలుగో జత.

"దిగినవాడు మళ్లీ ఆ రోడ్డెందుకెక్కాడో" అంటూ హార్లన్ కాఫీ పోస్తున్నాడు.

మార్నా తమ్ముడి వైపు చూడకుండా అడిగింది. "ఆ రాత నీదేనా? అది చెప్పు చాలు."

"కాదక్కా."

"గొడవ దేనికి?" అంది నోలా.

"పాత స్నోషూలు వేసుకొచ్చానని. ఆయనన్నట్టే సగం దారిలో పట్టీ తెగింది. అడుగేస్తే తొడదాకా దిగిపోతోంది. 'దారంతా గోతులు తవ్వుతున్నావు, వెనకొచ్చేవాళ్లు నీ వంశాన్నంతా తలుచుకుంటార్రా' అని నవ్వాడు."

"తర్వాత?"

"తనవి విప్పి నాకిచ్చాడు. పైన గాలికి మంచు గట్టిపడింది, ముళ్లు చాలన్నాడు. కలప రోడ్డును గురువారం స్నోమొబైల్ బండి తొక్కి గట్టిపరిచిందే, అలా ఇంటికి పోతానన్నాడు."

శుక్రవారం రాత్రి గాలి కొండ మీది మంచంతా తెచ్చి ఆ రోడ్డు మీదే పోసింది. అది ఎవరెట్‌కు తెలియదు.

"ఎన్నింటికి దిగావు?"

"3.50. జత తగిలించాను, నా పేరు ఎదురుగా టైము రాసి మా ఊరికి పోయాను. బావ పేరు ముట్టుకోలేదు."

నోలా రిజిస్టర్ తెరిచి బల్ల మీద పెట్టింది. "ఇందులో అందరిదీ పెన్సిల్ రాతే. పెట్టెలో ఉండేది పెన్సిలే కనక. లైల్‌దీ పెన్సిలే. ఎవరెట్ ఎదురుగా రాసింది మాత్రం నీలం సిరా. శనివారం ఉన్న చలికి పెన్ను గడ్డకట్టుకుపోతుంది. ఒంటికి ఆనించి దాచుకున్నదైతేనే రాస్తుంది."

శనివారం టార్చిలైటు వెలుగులో తనకే అది కనబడలేదు. ఆ కోపం ఆమె గొంతులో ఉంది.

"పెద్దాయనా, నీ పెన్ను ఎక్కడ పెట్టుకుంటావు?"

హార్లన్ స్వెటర్ కింద చెయ్యి పెట్టి, లోపలి చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. తీశాక దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఆరు జతలూ కొక్కేలకున్నాయమ్మా. నాలుగోది కూడా. దిగిన టైము రాయడం మరిచిపోయాడనుకున్నా. ఎవరు మరిచిపోయినా నేనే రాస్తాగా. లేకపోతే మీరు ఊరికే కొండంతా గాలించాలని నువ్వే..."



అవును, నోలాయే. మూడేళ్ల కిందట, దిగామని రాయడం మరిచి గుడిసెలో కాళ్లు కాచుకుంటున్న ముగ్గురి కోసం రాత్రంతా మంచులో వెతికి వచ్చి, ఈ పని ఆయనకు తనే అప్పజెప్పింది.

మార్నా లైల్ చెయ్యి పట్టుకుంది. "నిన్ను అనుమానించానురా" అంది. తర్వాత హార్లన్‌ను చూసింది, నోలాను చూసింది. "మరి నేనెవర్ని తిట్టుకోను?"



నోలా రిపోర్టు ముందేసుకుంది. మిగతావన్నీ నింపి, కారకులు అన్న గడి దగ్గర పెన్సిల్ పక్కన పెట్టింది. పెట్టడానికి కేసు లేదు.

హార్లన్ ఆ పెన్నునే ఆమె ముందుకు జరిపాడు.

"ఏదో ఒకటి పెట్టమ్మా నా మీద" అన్నాడు. "అలా ఖాళీగా వదిలేయకు."