పనసతోపు పొగ

పుదుచ్చేరి పక్కన విల్లియనూరు దగ్గరున్న ఒక మిల్లు బాయిలరు బొగ్గు మానేసి కట్టెకు మారి రెండేళ్లయింది. గాలికి మంచిదన్నారు. మంచిదే. కానీ చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ అదే దారి పట్టేసరికి సరుగుడు కట్టెకు కరువొచ్చింది. అప్పుడు, మిల్లుకి కట్టె కొనిపెట్టే ఉమామహేష్ కన్ను కిరుమాంబాక్కం ఊళ్లో అమ్మాయమ్మ అనే పెద్దావిడ పనసతోపు మీద పడింది.

అతను యానాంవాడు. తెలుగువాడు కావడమే అమ్మాయమ్మకి నమ్మడానికి చాలింది. తరతరాలుగా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమెకు తెలుగు అక్షరం రాదు. అతను తెలుగులో రాయించి తెచ్చిన ఒప్పందం కాగితం చూసి "మనోడివి, నువ్వే చదివి చెప్పు నాయనా" అంది. కొట్టేది ఎండుకొమ్మలు మాత్రమే అని చదివాడు. కాగితంలో ఉన్నది చెట్లన్నీ అని. ఆమె వేలిముద్ర వేసింది. మూడో రోజుకి తోపు నేలమట్టమైంది. పదో రోజుకి ఆమె పోయింది.

ఆమె కొడుకు గుణశేఖర్ ఆ బాయిలరు దగ్గరే పనిచేస్తాడు. తల్లే తోపు రాసిచ్చిందన్న కోపంతో చివరి రోజుల్లో ఆమెతో పలకలేదు. చావుకి కూడా ఏడవలేదు. ఉమామహేష్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

తోపు కట్టె మంటలోకి ఎక్కిన సాయంత్రం మాత్రం ఇక ఓర్చుకోలేకపోయాడు. నిజం చెప్పేయాలని వానలో తడుస్తూ బాయిలరు దగ్గరికి వెళ్లాడు. పొగలో మగ్గిన పనసపండు వాసన. పనస కాసే రోజులు కావవి.

గుణశేఖర్ పొయ్యి తలుపుకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ ఇనుము మీద నీటిచుక్క పడితే చుయ్‌మంటుంది. అతని చెవికి ఏమీ కాలేదు...

"గుణా, మీ అమ్మ తప్పేం లేదు. నేనే తప్పు చదివాను."

చెప్పేసి ఉమామహేష్ ఏడ్చాడు. గుణశేఖర్ తల తిప్పలేదు.

"తెలుసు సార్. అమ్మ చెప్పింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇంకా చెప్తా ఉండాది... ఉండండి."

లోపల సన్నగా గొణుగుడు. మంట చప్పుడే అనుకున్నాడు ఉమామహేష్. మంట చప్పుడే కావాలి. అయినా ఒక అడుగు ముందుకేశాడు.

"ఏమంటోంది?"

"మీ మీద కోపం లేదంట సార్. ఒంటిగా ఉండానంటాది. కూసోని మాట్లాడుకుందాం రమ్మంటా ఉండాది."

గుణశేఖర్ గడియ తీశాడు.

వేడి తగల్లేదు. తడిమట్టి వాసనతో చల్లటి గాలి వచ్చింది. లోపల మంటలు ఎగసిపడుతూనే ఉన్నాయి. వాటి నడుమ పచ్చటి పనస ఆకులు... ఒక్కటీ వాడిపోలేదు.

ఆకుల వెనక ఎవరో కాస్త పక్కకి జరిగి చోటిచ్చారు.