అరవై డిగ్రీల కుట్ర

"మేరీరాణి బతకాలి. సోమవారం కోర్టులో వాణ్ణి గుర్తుపట్టాల్సింది ఆవిడే," చెవిలోని రిసీవర్లో చీఫ్ శేషయ్య గొంతు. "ఆస్పత్రిలో వాళ్ల మనిషి ఉన్నాడు. ఎవరో తెలీదు. ఓవర్."

నర్సు వేషంలో ఉన్న ఏజెంట్ మౌక్తిక చికిత్స గది వైపు నడిచింది. గంగ ఒడ్డున మెటియాబ్రుజ్ రేవులో ఊడ్చే మేరీరాణి, ఆయుధాలు దాటించే విదేశీ ముఠా నాయకుణ్ణి కళ్లారా చూసిన ఒకే ఒక్క సాక్షి. పాపం, గర్భసంచిలో గడ్డ. రక్తస్రావంతో నిలబడలేకపోతోంది.

ఈ చికిత్సలో కత్తి పెట్టరు. అల్ట్రాసౌండ్ కిరణాలన్నిటినీ ఒక్క బిందువు మీదికి కూర్చి, అరవై డిగ్రీల వేడితో గడ్డను మాడ్చేస్తారు. ఎక్కడ కాల్చాలో ముందుగా కంప్యూటర్లో ప్లాన్ గీస్తారు. బిందువు అరంగుళం జరిగితే పేగు కాలుతుంది. దాన్ని హత్య అని ఎవరూ అనరు.

ప్లాన్ గీసింది లక్ష్మీసౌజన్య. డిపార్ట్‌మెంట్ ఇక్కడ నాటిన సొంత ఏజెంట్. చూపు తిప్పుకోనివ్వని అందం.

"గంగకు పోటెప్పుడు?" మౌక్తిక కోడ్ అడిగింది.

"నాలుగింటికి," తడుముకోకుండా నవ్విందామె.

అయినా మౌక్తికకు అనుమానం తీరలేదు. మేరీరాణిని బోర్లా పడుకోబెట్టే ముందు పొట్ట తుడుస్తూ ఆగింది. బొడ్డు కింద నాలుగు నల్లటి మచ్చలు.

"ఇవేంటక్కా?"

"వాతలు దీదీ. సిన్నప్పుడు కడుపుబ్బిందని మా మామ్మ ఎట్టీసింది. బేగి అయిపోద్దా? బయిమేస్తంది."

మచ్చ వేడిని పట్టేస్తుంది. అందుకే ప్లాన్‌లో మచ్చలన్నీ ముందు గుర్తుపెట్టి, కిరణాలను పక్కనుంచి పంపాలి. అది రూలు. మేరీరాణిని మెషీన్ మీద పడుకోబెట్టి, మౌక్తిక కంట్రోల్ రూముకు పరుగెత్తింది. స్క్రీన్ మీది చర్మం నున్నగా ఉంది!

"వాతల మార్కింగ్ ఏది?"

"ఏం వాతలు?" సౌజన్య నవ్వు ఆగిపోయింది.

"ఇది ఇంకెవరి స్కానో! ఇటూ అటూ జీతం తింటున్నది నువ్వా?"

సౌజన్య ఒక చేత్తో పిస్టల్ తీసింది, రెండో చేత్తో స్టార్ట్ నొక్కింది. ఐదు... నాలుగు... మౌక్తిక ముందుకు దూకింది. సౌజన్య కుర్చీని తన్నింది. గుండు సీలింగులోకి పోయింది. రెండు... ఒకటి... ఎర్ర స్టాప్ బటన్ మీద పడి నొక్కేసింది.

మెషీన్ మూగబోయింది. సెక్యూరిటీ సౌజన్యకు బేడీలు వేసింది.

"మిషన్ సక్సెస్! దేశాన్ని కాపాడావు!" రిసీవర్లో శేషయ్య గొంతు గంతేసింది.

లోపల్నుంచి మేరీరాణి పిలిచింది.

"దీదీ, మరి నా గడ్డ సంగతేటి? రాత్రి నుంచి పస్తున్నాను!"