లోపలి నుంచి పిలుపు

పంజాగుట్ట చౌరస్తాలో మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా, ఆ సందులోని పాత బిల్డింగు సెల్లార్‌లో మాత్రం కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. లేజర్ గది మరి, చీకటి లేకపోతే పని సాగదు. మంజూషకి అది అలవాటే. రాజమండ్రి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, ఎండ మొహం చూడకుండా ఇక్కడే పరిశోధన వెలగబెడుతోంది. ఏసీ హోరు, వేడెక్కిన వైర్ల వాసన, బల్ల మీద సన్నటి పచ్చటి కిరణం... పగలంతా వాటితోనే కాపురం.

ఆ కిరణం పడేది దుమ్ము రేణువంత అయస్కాంతపు ముక్క మీద. దాని మీదున్న సన్నటి తీగలో కరెంటు పెడితే, ముక్కలోని అయస్కాంతత్వం అలలు అలలుగా వణుకుతుంది. ఆ వణుకు తగిలి వెనక్కొచ్చే వెలుగు రంగు రవ్వంత మారుతుంది. మిషను ఆ మార్పుని పట్టుకుని, చుక్క చుక్కగా అలల బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మ గదిలో తెర మీదా కనబడుతుంది, మంజూష ఫోన్‌లోనూ కనబడుతుంది.

గదికి ఒకటే కట్టుబాటు. బయటివాళ్లు తలుపు తట్టాలి. లోపలున్నవాళ్లు కిరణానికి అడ్డు దించి, "రా" అనాలి. ఆ మాట వినబడందే ఎవరూ అడుగు పెట్టకూడదు. ఎందుకంటే కిరణం గుమ్మానికి ఎదురుగానే పోతుంది, దాన్నుంచి కాపాడే కళ్లజోళ్లేమో లోపలి కొక్కేనికి వేలాడుతుంటాయి. పోయినేడు సీనియర్ విజయేందర్ అలా వచ్చే కుడికన్ను పోగొట్టుకున్నాడు. "మంజూషనే రా అన్నది" అని ఒట్టేసి చెప్పాడు. మంజూష ఆ టైముకి పైన టీ తాగుతోంది. తన తప్పు నా నెత్తిన రుద్దుతాడా అని ఆమెకి ఒళ్లు మండిపోయింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అసలు బొమ్మకి ముందు ఖాళీ బొమ్మ ఒకటి తీయాలి, అలలు లేని ముక్క ఎలా ఉంటుందో తెలియడానికి. మంజూష కరెంటు కేబుల్ పీకి పక్కన పడేసింది. చుక్కలు మొదలయ్యాయి. అంతా బూడిదరంగు. ఇంకా బూడిదరంగే. ఆ తర్వాత... నడిమధ్య నుంచి ఒక అల లేచింది.

కేబుల్ వంక చూసింది. పీకింది పీకినట్టే పడుంది.

ఠక్... ఠక్...

"అక్కా." తలుపవతల జూనియర్ దివ్యశ్రీ. "అన్నం డబ్బా తెచ్చిన. తింటవా?"

"ఆగు" అందామని మంజూష నోరు తెరిచింది. అంతలో తెర మీద ఇంకో అల లేచింది, ఈసారి పెద్దది. ఆమె భుజం పక్కనే, చెవికి చల్లగా ఊపిరి తగిలేంత దగ్గరగా, ఎవరో అన్నారు.

"రా."

అది తన గొంతే.

మంజూషకి పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు కిర్రుమంది... నల్ల కర్టెన్ కదిలింది... దాని అంచున దివ్యశ్రీ వేళ్లు... అరిచే వ్యవధి లేదు. బల్ల మీదికి దూకి, అరచేయి కిరణానికి అడ్డం పెట్టేసింది. చర్మం చురుక్కుమంది. రెండో చేత్తో తడుముకుంటూ లేజర్ తాళంచెవి తిప్పేసింది.

"అక్కా... ఏం కనవడ్తలేదు."

"ఎందుకొచ్చావే?"

"నువ్వే గదా రమ్మన్నవ్."

మంజూష తాళంచెవి పెరికి జేబులో వేసుకుని, పిల్ల జబ్బ పట్టుకుని మెట్లెక్కింది. సందు చివర టీ బండి దగ్గర ఎండలో నిలబెట్టి, దివ్యశ్రీ చేతికి టీ గ్లాసు ఇచ్చింది. విజయేందర్‌కి ఫోన్ చేసింది.

"అన్నా... నువ్వు చెప్పింది నిజమే. నమ్మనందుకు క్షమించు."

"లోపలికి ఎవరొచ్చిండ్రు?"

"దివ్యశ్రీ. కళ్లకి ఏం కాలేదులే."

"కండ్లు కాదు మంజూషా..." అతని గొంతు బాగా తగ్గిపోయింది. "ఒక్కసారి గా పిలుపు ఇని లోపలికి పోతే, మళ్ల ఇడువది. నాకు ఇంట్ల సుత వినవడ్తది. పోకుండ తలుపుకు తాళం ఏసుకుంట. ఆ పిల్లను జర చూస్తుండు."

మంజూష చెవి దగ్గర్నుంచి ఫోన్ తీసింది. తెర మీద బొమ్మ. ఒక చుక్క. పక్కన ఇంకో చుక్క. లేజర్ తాళంచెవి జేబులోనే ఉంది, తడిమి చూసుకుంది. నడిమధ్య నుంచి అల లేస్తోంది...

దివ్యశ్రీ టీ గ్లాసు కింద పెట్టి సందులోకి తిరిగింది.

"వస్తున్న అక్కా," అంది.

మంజూష ఉరికి ఆమె చెయ్యి పట్టుకుంది. "దివ్యా, నేనిక్కడే ఉన్నానే. నావంక చూడు."

దివ్యశ్రీ చూసింది. ముక్కూమొహం తెలియనివాళ్లని చూసినట్టు చూసింది.

"జర చెయ్యి ఇడువుండ్రి మేడమ్," అంది మర్యాదగా. "మా అక్క పిలుస్తుంది."