నెవెనా ధార

ఆ శీతాకాలం నెవెనా ధార పేరెత్తితే చాలు, మా ఊరి ఆడవాళ్లు గుండెల మీద సిలువ గుర్తు వేసుకునేవాళ్లు. మగవాళ్లు నవ్వేవాళ్లు గానీ, చీకటి పడ్డాక ఆ దారిన ఒంటరిగా వెళ్లమంటే ఒక్కడూ లేచేవాడు కాదు.

పట్నం నుంచి కొండెక్కి వచ్చే రోడ్డులో ఏడో మలుపు దగ్గర ఉంటుందది. రాతి గోడ, గోడలోంచి ఇత్తడి గొట్టం, కింద నీళ్ల తొట్టి. గోడ మీద పలక, పలక మీద పంతొమ్మిదేళ్ల పిల్ల పేరు. మా వైపు పోయినవాళ్ల పేరున దారిపక్కన ఇలా ఊటనీళ్లు పారిస్తారు. దప్పిక తీరినవాడు ఒక్క క్షణం వాళ్లని తలుచుకుంటాడని.

నెవెనా అక్కడే పోయింది. మంచు కురిసే సాయంత్రం తండ్రితో పోట్లాడి, సంచీ పట్టుకుని ఇల్లు వదిలి నడిచిపోతుంటే కలప లారీ కొట్టేసింది. ఆ గోడ రాళ్లన్నీ తండ్రి నైదెనే వీపున మోసి తెచ్చి పేర్చాడు.

పదహారేళ్లు అక్కడ ఎవరికీ ఏమీ కనబడలేదు. ఈ శీతాకాలమే మొదలైంది... అదీ గురువారాల్లోనే, అదీ మెతోది వ్యానులోనే.

మెతోది మా ఊరి మెకానిక్కు. ప్రతి గురువారం తన పాత వ్యానులో ఆరుగురు అవ్వల్ని పట్నంలో సంతకీ ఆసుపత్రికీ తీసుకెళ్లి, చీకటి పడే వేళకి వెనక్కి తెస్తాడు. చలికాలం కదా అని వెనక కిటికీల సందులన్నీ కంబళి ముక్కలతో బిగించాడు. తను మాత్రం సిగరెట్టు కోసం తన పక్క అద్దం నాలుగు వేళ్లు దించుకునే నడుపుతాడు.

మొదట చూసింది కెరా అవ్వ. ఏడో మలుపులో వెనక నుంచి అతని భుజం పట్టుకుంది.

"మెతోదీ... ఆపకురా. ధార దగ్గర నిలబడింది. తెల్ల తలగుడ్డ. నన్నే చూస్తోంది."

"అది మంచు అవ్వా."

"మంచుకి కళ్లుంటాయట్రా?"

పై గురువారం ముగ్గురికి కనబడింది. ఒకామె ఒళ్లో ఉన్న ఉల్లిపాయల మీదే వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందని అందరిదీ ఒకటే మాట. నెవెనా తలలో దూరి ఏడుస్తోందన్నారు. ఆ మలుపు దాటి ఇంటికొచ్చినా, ఇద్దరిని చెరో రెక్కా పట్టుకుని దించాల్సి వచ్చింది.

మెతోదికి మాత్రం ఏమీ కనబడలేదు. అంతే, మీసం మెలేశాడు. సారా కొట్లో కూర్చుని, "దెయ్యాలకి ఇంజన్ చప్పుడంటే హడల్, నా జోలికి రావు" అని కోతలు కోశాడు. నెవెనా కథని చుట్టుపక్కల నాలుగూళ్లకీ మోసింది అతనే.

ఫిబ్రవరిలో మెతోది మణికట్టు బెణికింది. ఆ గురువారం బావమరిది బోజిల్ వ్యాను నడిపాడు. మెతోది మొదటిసారి వెనక బల్ల మీద, అవ్వల మధ్య కూర్చున్నాడు.

నాలుగో మలుపు దగ్గర కణతలు లాగాయి. సంతలో తిన్న సాసేజి పడలేదేమో అనుకున్నాడు.

ఆరో మలుపుకి కాళ్లు తనవి కానట్టు అయ్యాయి. అవ్వల తలలు ఒక్కొక్కటీ వాలిపోతున్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు...

ఏడో మలుపు.

ఉంది.

తొట్టి పక్కన నిలబడి ఉంది. తెల్ల తలగుడ్డ, చేతిలో సంచీ. మెల్లగా తల తిప్పింది — ఇంజన్ మోతలోంచి, స్పష్టంగా, అతన్ని పేరు పెట్టి పిలిచింది.

మెతోది పెట్టిన కేకకి బోజిల్ బ్రేకు తొక్కేశాడు. తెరిచి ఉన్న అద్దం ఇంకాస్త దించి చూస్తే ధార దగ్గర పిట్ట కూడా లేదు. అంత మీసాలాయనా ఉల్లిపాయ బస్తాల మధ్య మోకాళ్ల మీద పడి, కెరా అవ్వ పావడాలో మొహం దాచుకుని ఉన్నాడు.

"చూశావు కదా నాయనా," అని అవ్వ అతని తల నిమిరింది.

అతన్ని దించి మంచులో నిలబెట్టారు. కాసేపటికి తల తేలికపడింది. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. ఊరు వచ్చేలోపు తలనొప్పి మళ్లీ పట్టుకుంది.

మెతోదికే కనబడిందట — ఆ రాత్రికే ఊరంతా పాకింది. ఇక మేయరు ఆగలేదు. శనివారం పదింటికి ధార పడగొట్టేయాలన్నాడు. నైదెన్ తాతని ఎవరూ అడగలేదు.

శుక్రవారమంతా మెతోదికి ఒకటే ఆలోచన. దెయ్యమైతే ధార దగ్గర పట్టుకోవాలి. ధార దగ్గరే దిగి నిలబడితే వదిలేసి, వ్యాను ఎక్కి ధార దాటాక ఎందుకు పట్టుకుంది?

శనివారం పొద్దున్నే పెరట్లో వ్యాను స్టార్టు చేశాడు. చల్లటి ఇంజన్ చప్పుడులో సన్నగా ఇంకో చప్పుడు... టక్, టక్, టక్. ఎక్కడో గాలి తన్నుతోంది. ఈ చప్పుడు ఊళ్లో ఇంకొకడి బండిలో వింటే వీధి చివర నుంచే పట్టేసేవాడు. దీపం కిందే చీకటి.

భార్య వెస్కాని పిలిచి, సైలెన్సర్ గొట్టం మూతికి తడిగుడ్డ అదిమి పట్టుకోమన్నాడు. తను గడ్డం గీసుకునే బ్రష్షు సబ్బునీళ్లలో ముంచి కిందికి దూరాడు. గొట్టం పొడవునా రాసుకుంటూ పోయాడు. మొదటి అతుకు దగ్గర ఏమీ లేదు. రెండో అతుకు దగ్గరా లేదు.

సరిగ్గా వెనక బల్ల కింద నురగ బుసబుసా పొంగింది.

అక్కడ గొట్టానికి డబ్బా రేకు చుట్టి, తీగతో బిగించి ఉంది. చుట్టూ నల్లటి మసి. దాని పైన వ్యాను అడుగు తుప్పు పట్టి అరచేయంత చిల్లు పడింది. చిల్లు మీద తివాచీ ముక్క.

రేకు వేసింది అతనే. తివాచీ పరిచిందీ అతనే. అక్టోబరులో. ఈస్టరు దాకా ఆగుతుందిలే అనుకున్నాడు. ఇలాంటి అతుకే వేసుకొచ్చిన పక్కూరివాణ్ణి ఒకసారి, "పెళ్లాం పిల్లల్ని చంపుకుంటావట్రా?" అని పెరట్లోంచి తరిమాడు కూడా.

"దొరికిందా?" అంది వెస్కా.

"ఊఁ."

ఆమె వంగి చూసింది. రేకు మీద ఎర్ర మిరపకాయ బొమ్మ సగం మిగిలి ఉంది.

"మన వంటింటి డబ్బా," అంది నెమ్మదిగా.

మెతోదికి తల కొట్టేసినట్టయింది.

అప్పుడే సమ్మెటలు భుజాన వేసుకుని మగవాళ్లు గేటు ముందు నుంచి వెళ్తున్నారు.

"నువ్వు రావా మెతోదీ? చూసినవాడివి నువ్వేగా."

"చేయి బాగా లేదు," అన్నాడు. "మీరు పదండి."

ఆ తర్వాత పావుగంట గురించి మెతోది ఇప్పటికీ చెప్పడు. వెస్కా చెప్పింది. వ్యాను మెట్టు మీద కూర్చుని బ్రష్షు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడట. నోరు మూసుకుని చిల్లుకి వెల్డింగు పెడితే చాలు. ధార పోతుంది, దానితో దెయ్యమూ పోయిందంటారు, తన పరువు నిలుస్తుంది. అన్నీ లెక్క కుదిరాయి.

లోయలోంచి మొదటి దెబ్బ వినిపించింది.

పరిగెత్తాడు. అతను చేరేసరికి పలక రెండు ముక్కలై మంచులో పడి ఉంది. పేరు మధ్యకి విరిగింది. నైదెన్ తాత టోపీ చేత్తో పట్టుకుని ఓ పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరినీ ఆపడం లేదు.

"ఆపండి," అన్నాడు మెతోది. "దెయ్యం లేదు. నా వ్యానులో సైలెన్సర్ లీకు ఉంది. దానికి డబ్బా రేకు చుట్టి వదిలేశాను. ఆ విషపు గాలి వెనక కూర్చున్నవాళ్లకి ఎక్కింది. నాకు పక్కన అద్దం తెరిచి ఉండేది. ఇంకో నెల పోతే ఆరు శవాల్ని దించేవాణ్ణి."

సమ్మెటలు దిగాయి. ఎవరూ అతని వైపు చూడలేదు.

"నీకు ఉన్ని మేజోళ్లు అల్లి ఇచ్చాను కదరా," అంది చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ల మధ్య నుంచి కెరా అవ్వ. అరిచి తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

అతను నైదెన్ ముందుకి వెళ్లాడు. తల ఎత్తలేకపోయాడు.

"తాతా... క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

ముసలాయన విరిగిన పలక వైపు చూశాడు.

"అంటే మా అమ్మాయి ఎవరికీ కనబడలేదంటావు."

"లేదు తాతా."

"ప్రతి గురువారం నీ వ్యాను వెళ్లాక వచ్చి ఇక్కడ కూర్చునేవాణ్ణి. కెరాకి కనబడింది, వాళ్లందరికీ కనబడింది. నాకు ఒక్కసారి కూడా... నా మీద కోపం ఇంకా పోలేదనుకున్నాను."

ముసలాయన దగ్గరికి జరిగి, మెతోది చొక్కా పట్టుకుని, మిగతావాళ్లకి వినబడకుండా అన్నాడు.

"ఆ చిల్లు ఇంకా మూయలేదు కదా నాయనా? ఒక్కసారి... నన్ను ఆ వెనక బల్ల మీద కూర్చోబెట్టి, ఈ మలుపు దాకా తీసుకురా."