పన్నెండు గంటల బండి

"వచ్చిందా?"

"రాలే!"

"ఇప్పుడు?"

"అన్ని చీమలే ఉన్నయి. ఓ పెద్దులు తాతా, చేతులతోని తిప్పుతున్నవా, కాళ్లతోనా?"

తాతా! ఒమాన్ దేశంలో రుస్తాఖ్ అనే ఊరి ఆస్పత్రి డాబా మీద టీవీ యాంటెన్నా పైపు పట్టుకుని నిలబడ్డ దేవదాసుకు ఒళ్లు మండింది. అతనికి నిండా ఇరవై ఆరేళ్లు లేవు. పిట్టగోడ మీంచి కిందికి వంగాడు. వాకిట్లో టీవీ ముందు తెల్ల డ్రెస్సులో ఒక నర్సు నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తోంది.

"పెద్దులు తాతకు జ్వరం. కంపెనీ నన్ను పంపింది. దేవదాసు, ఎలక్ట్రీషియన్, జగిత్యాల," అన్నాడు బింకంగా.

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. మరుక్షణం చెయ్యి పైకెత్తింది. "ఆగుండ్రి! గట్లనే వంగి ఉండుండ్రి! బొమ్మ వచ్చింది!"

అలా డెబ్బై ఐదు డిసెంబరు ఒకటో తారీఖున దేవదాసు అరగంట సేపు సగం వంగి, ఇనుప పైపును కౌగిలించుకుని నిలబడ్డాడు. నడుం పట్టేసింది. దిగేసరికి నిచ్చెన దగ్గర పాలు లేని చాయ్ గ్లాసుతో ఆ నర్సే నిలబడి ఉంది. పేరు శాంతమ్మ, ఊరు మెదక్ దగ్గర, ఒమాన్ వచ్చి రెండేళ్లు. చాయ్ సగంలో ఉండగానే అతను నడుం నొప్పి మరచిపోయాడు.

రుస్తాఖ్ చుట్టూ కొండలే. మస్కట్ నుంచి వచ్చే టీవీ బొమ్మ ఆ కొండల మధ్య దారి వెతుక్కుని రావాలి. ఒకరోజు ఒక పక్క నుంచి దొరికేది, మర్నాడు ఇంకో పక్క నుంచి. తీగతో కట్టేస్తే లాభం లేదు, మనిషి పట్టుకుని తిప్పుతూ ఉండాల్సిందే. ఆ నెలంతా సాయంత్రం ఐదింటికి ఒక సీరియల్ వస్తోంది. ఇంగ్లీషు మాటలు, కింద అరబ్బీ అక్షరాలు. ఇరవై నాలుగు భాగాలు, క్రిస్మస్ ముందురోజుతో ఆఖరు. రోగులు, వాళ్ల చుట్టాలు, వార్డులోని పిల్లలు అంతా దానికి అతుక్కుపోయారు. రోజూ మనిషిని పంపమని డాక్టరు కంపెనీ వాళ్లను బతిమాలాడు. డ్యూటీ దిగగానే డాబా ఎక్కడం దేవదాసుకు రివాజైపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ సీరియల్ ఆస్పత్రి అంతా చూసింది, దేవదాసు తప్ప. అతనికి కనబడేవి కొండలు, ఖర్జూరపు తోటలు, శాంతమ్మ తల మీది తెల్ల టోపీ. వినబడేవి "కుడి దిక్కు", "ఎడమ దిక్కు", "మల్ల పాయె". కథ మాత్రం రోజూ నిచ్చెన కింద, చాయ్‌తో పాటు ఆమె నోట వినేవాడు.

"మంచు దేశం. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, ఒక ముసలవ్వ. అటక మీద పాత గడియారం దొరికింది. ముల్లు ఎనుకకు తిప్పిన్రు. గంతే, అందరు కలిసి నూరేండ్లు ఎనుకకు పోయి పడ్డరు."

"మరి మల్ల ఇంటికెట్ల పోతరు?"

"గడియారంల చక్రం ఒకటి యాడనో పడిపోయింది. క్రిస్మస్ ముందురోజు చర్చి గంట కొట్టేలోపట దొరకాలె. దొరికితె ఇంటికి. లేకుంటె ఇగ బతుకంతా ఆడనే."

"దొరుకుతదంటవా?"

"నాకేమెరుక? రేపు పైపు మంచిగ పట్టుకో, చెప్త."

వారం తిరిగేసరికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందన్నమాట. పదో రోజు ఆమె ఉన్నట్టుండి నిలదీసింది.

"ఆస్పత్రిల అందరు నన్ను సిస్టర్ అంటరు. డాక్టరు సుత అంటడు. నువ్వొక్కనివే అనవు. 'ఇనవడుతుందా' అంటవు, 'ఓ మేడం' అంటవు. ఎందుకు?"

దేవదాసు గ్లాసులోకి చూశాడు. "నాకు ఇంట్ల అక్కజెల్లెండ్లు నలుగురున్నరు. సాలు."

శాంతమ్మ మొహం అటు తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ చెవుల్ని తలచుకుంటూ అతను మర్నాడు సైట్‌లో వైర్లు తారుమారు చేసి, ఫోర్‌మన్ చేత కడుపునిండా తిట్లు తిన్నాడు.

ఇదంతా ఒక కంట కనిపెడుతున్న మనిషి సుగ్రా బేగం. పెద్ద నర్సు, నిజామాబాద్ ఆవిడ. అందరూ ఖాలా, అంటే పిన్నీ అని పిలుస్తారు. ఈ దేశంలో శాంతమ్మకు అమ్మా నాన్నా ఆవిడే. ఒకరోజు దేవదాసును గేటు దగ్గర ఆపేసింది.

"క్యా మియా, నీ కంపెనీ పని జనవరిల ఖతం అంట. తర్వాత ఎక్కడికి?"

"ఎక్కడికి పంపితె అక్కడికి ఖాలా."

"అచ్ఛా. మరి చాయ్ తాగి పోతవా, ఏమన్న చెప్పి పోతవా? మా పిల్ల టైంపాస్‌కు లేదు."

చెప్పాలి. ఆఖరి భాగం రోజున నిచ్చెన దిగగానే చెప్పాలని దేవదాసు ముహూర్తం పెట్టుకున్నాడు. గడువు దూరంగా ఉన్నన్నాళ్లు ధైర్యానికేం లోటు?

ఆ గేటు దగ్గరే సైఫ్ అనే ముసలి కాపలాదారు ఉండేవాడు. వయసులో బొంబాయి రేవులో పని చేశాడు కాబట్టి హిందీ ముక్కలు వచ్చు. అతని గదిలో ఒక గోడ గడియారం. ఎప్పుడు చూసినా తప్పే. మిట్టమధ్యాహ్నం ఆరున్నర చూపించేది. దేవదాసు స్క్రూడ్రైవర్ తీసి బాగుచేయబోతే, సైఫ్ రెండు చేతులూ అడ్డం పెట్టి "బరాబర్ హై!" సరిగ్గానే ఉంది పొమ్మని కసిరాడు. ముసలాయన పిచ్చి ముసలాయనకు ఆనందం అనుకుని దేవదాసు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

ఇరవై నాలుగో తారీఖు తెల్లవారింది. బర్కా ఊరి నుంచి కేబుల్ తేవడానికి దేవదాసు లారీలో బయల్దేరాడు. డ్రైవరు ఎహసాన్, కడప మనిషి. ఆస్పత్రి ముందుకు రాగానే సైఫ్ చేతులూపుతూ రోడ్డుకు అడ్డం వచ్చాడు.

"సిస్టర్ శాంతా, సలాలా ట్రాన్స్‌ఫర్! నిన్న రాత్రి ఆర్డర్ వచ్చింది. ఆజ్ బారా బజే గాడీ!"

ఇవాళ పన్నెండింటికే బండి! సలాలా అంటే వెయ్యి కిలోమీటర్లు. ఆ పక్క కొండల్లో మొన్న మొన్నటిదాకా యుద్ధం. మస్కట్ దాకా బండిలో పోయి, అక్కడ విమానం ఎక్కితే తప్ప చేరలేని చోటు. పోతే మళ్లీ ఎప్పుడు, ఎక్కడ?

"శాంతమ్మ ఏది? ఒక్కసారి పిలువు చాచా!"

కాన్పు గదిలో ఉంది, ఎవరినీ పోనివ్వరు అన్నాడు సైఫ్. ఎహసాన్ హారన్ కొట్టాడు.

"ఎక్కబ్బా దాసూ! పదకొండుకంతా తిరిగొచ్చేస్తాం. అంతలోకే నీ పిల్ల యాడికి పోతాది?"

బర్కాలో పని తొమ్మిదికే అయింది. తిరుగు దారిలో ఎహసాన్ పాటలు కూడా పాడాడు. రుస్తాఖ్ ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉందనగా కొండల మీద మబ్బు కమ్మింది. తర్వాత వాగు కనబడింది. పొద్దున గులకరాళ్లు తప్ప చుక్క నీరు లేని వాగు, ఇప్పుడు ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రటి నీళ్లతో ఉరుకుతోంది. ఎహసాన్ బ్రేకు తొక్కాడు.

"దించు ఎహసాన్! దాటుదాం!"

"పిచ్చి పట్టిందా నీకు? లారీ తేలిపోతాది."

పదకొండు అయింది. పదకొండున్నర. దేవదాసు చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. నాలుగు అడుగులకే నీళ్లు తొడల దాకా వచ్చి కాళ్లు లాగేశాయి. ఎహసాన్ కాలర్ పట్టి వెనక్కి గుంజాడు.

"సచ్చిపోతావురా! ఎదురుగా ఆస్పత్రి బండి వచ్చి ఆగుతాదేమో చూడు."

"రాదు. ఆస్పత్రి బండ్లు నఖల్ దారిన పోతయి. ఇటు రావు."

పన్నెండైంది. వానలో నిలబడి వాచీ చూస్తూనే ఉన్నాడు. పన్నెండు దాటి ఐదు నిమిషాలయ్యాక వాచీ విప్పి జేబులో పడేశాడు. ముఖం మీదవి వాన చుక్కలే అని ఎహసాన్ నమ్మినట్టు నటించాడు.

"ఇరవై మూడు దినాలు డాబా ఎక్కినోడివి. ఒక్క మాట చెప్పలేకపోతివే," అన్నాడు మెల్లగా.

"ఇయ్యాల చెప్దామనుకున్న."

వాగు తగ్గి లారీ దాటేసరికి నాలుగు. ఆస్పత్రి ముందుకు వచ్చేసరికి ఐదుకు పది నిమిషాలు. వాకిలి నిండా జనం. టీవీలో చీమలు. నర్సులు కూర్చునే బల్ల ఖాళీగా ఉంది. దేవదాసు తల దించుకున్నాడు. రూమ్‌కు పోయి పడుకోవచ్చు. కానీ చేతికి కట్టుతో ఒక చిన్నపిల్ల అప్పటికే అతన్ని చూసి నిచ్చెన వైపు వేలు చూపిస్తోంది. ఆ మంచు దేశం వాళ్లయినా ఇల్లు చేరనీ అనుకుని, తడిసిన బట్టలతోనే ఎక్కాడు.

పైపు పట్టుకుని అలవాటు కొద్దీ అరిచాడు. "వచ్చిందా?"

అరిచాక తనను తనే తిట్టుకున్నాడు. కుడో ఎడమో చెప్పే మనిషి వెళ్లిపోయింది కదా!

"రాలే! ఎడమ దిక్కు!"

పైపు చేతిలోంచి జారబోయింది. పిట్టగోడ మీంచి వంగాడు. తెల్ల డ్రెస్సు లేదు. ఆకుపచ్చ చీర, చేతిలో చిన్న పెట్టె, కళ్ల నిండా కోపం. శాంతమ్మే.

"నువ్వు... నువ్వు పోలేదా?"

"పోత! పన్నెండింటికి!"

"పన్నెండు ఎప్పుడో అయిపాయె గద!"

"ఎవరి పన్నెండు? ఈ ఊరోళ్లకు పొద్దు గూకితె పన్నెండు. సైఫ్ చాచా గడియారం ఎన్నడు సూడలేదా నువ్వు?"

దేవదాసుకు సైఫ్ కసిరిన మాట గుర్తొచ్చింది. బరాబర్ హై! సూర్యుడు పడమటి కొండకు ఇంకా జానెడు ఎత్తున ఉన్నాడు. వాగు ఒడ్డున పోగొట్టుకున్నాననుకున్న పన్నెండు గంటలు ఇంకా కొట్టనేలేదు. ఏ ముల్లూ తిప్పకుండానే మధ్యాహ్నం అతని చేతికి తిరిగొచ్చింది.

"సైఫ్ నీకు చెప్పిండంట. ఇని సుత లారీ ఎక్కి పోయినవంట!" అంతలోనే టీవీ వైపు తిరిగింది. "కుడి దిక్కు తిప్పు! బొమ్మ ఊగుతుంది."

"మధ్యాహ్నం అనుకున్న! పదకొండుకే వద్దామనుకున్న, వాగు అడ్డమొచ్చింది. ఈదుదామని సుత దిగిన. ఎహసాన్‌ను అడుగు!"

శాంతమ్మ అతని తడి బట్టల్ని అప్పుడు చూసింది. చేతిలోని పెట్టె కింద పెట్టింది. సూర్యుడు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. గేటులో ఆస్పత్రి బండి డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. పైపు వదిలి దిగితే వాకిలి నిండా ఉన్న జనానికి ఆఖరి భాగం పోతుంది. దిగకపోతే అతనికి శాంతమ్మ పోతుంది. ఇక నిచ్చెన దిగేదాకా ఆగే ముహూర్తం లేదు.

"శాంతా!" పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "సలాలాకు పో! రెండేండ్లు కానీ, మూడేండ్లు కానీ, నేను ఎదురు సూస్త! నన్ను పెండ్లి చేసుకుంటవా?"

ఆ ఊపులో రెండు చేతులూ గాల్లోకి లేచాయి. పైపు గిర్రున తిరిగింది. బొమ్మ పోయింది. వాకిలంతా ఒక్కసారిగా గోల. శాంతమ్మ కాక, అసలు సంగతి అర్థమైన మనిషి అక్కడ ఒక్కరే.

"అరె బేటీ!" సుగ్రా బేగం వార్డు గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. "జవాబ్ ఇయ్యి! బొమ్మ పోయింది, అక్కడ గంట కొట్టే టైం అయితుంది!"

"నువ్వేమంటవు ఖాలా?" అంది శాంతమ్మ తల వంచుకుని.

"నేనా? ఇన్ని దినాలు నీ నోట ఏ దిక్కు వస్తే ఆ దిక్కు తిరిగినోడు. పెండ్లి అయినంక కూడా తిరుగుతడు. హా అను! మీ అమ్మనాయినలకు ఉత్తరం నేను రాస్త."

శాంతమ్మ పైకి చూసింది. చెవులు ఎర్రగా ఉన్నాయి, కళ్లు తడిగా ఉన్నాయి.

"సరే! చేసుకుంట! ఇగ పైపు సక్కగ పట్టుకో!"

పట్టుకున్నాడు. ఈ ఇరవై నాలుగు రోజుల్లో ఎన్నడూ పట్టుకోనంత గట్టిగా పట్టుకున్నాడు. కింద సద్దు మణిగింది. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. చాలాసేపటికి టీవీలోంచి గంట మోగింది, వెంటనే పిల్లల కేకలు. అవి సంతోషం కేకలో దుఃఖం కేకలో డాబా మీది వాడికి తెలియలేదు.

అతను దిగేసరికి సూర్యుడు కొండ వెనక్కి పోయాడు. శాంతమ్మ బండి ఎక్కి కూర్చుంది. దేవదాసు కిటికీ పట్టుకున్నాడు.

"వాళ్లు ఇల్లు చేరిన్రా?"

"చెప్ప."

"గదేంది? ఇరవై మూడు భాగాలు చెప్పినవు గద!"

"ఆఖరిది పెండ్లినాడు చెప్త. అప్పటిదాక ఆలోచించుకుంట ఉండు."

బండి కదిలింది. చీర కొంగు కిటికీలోంచి ఎగురుతూ నఖల్ మలుపు దాకా కనబడింది. అది కనుమరుగయ్యాక దేవదాసు సైఫ్ గదిలోకి వెళ్లాడు. గోడ గడియారంలో రెండు ముళ్లూ కలిసి నిలువుగా ఉన్నాయి. జేబులోంచి తన వాచీ తీసి, తడి తుడిచి, ముల్లు తిప్పి పన్నెండు దగ్గర పెట్టుకున్నాడు.

"బరాబర్ హై?" అన్నాడు సైఫ్ అనుమానంగా.

"బరాబర్ హై చాచా."